వైల్డ్‌కార్డ్ ఎప్పుడు వాడాలి: గేమ్‌వీక్ 4లోనా, ఇంకా ఆగాలా? (ఎఫ్‌పీఎల్, అంటే ఫాంటసీ ప్రీమియర్ లీగ్, 2025-26)

కాకినాడ_కీపర్

అందరికీ నమస్కారం. ఇంటర్నేషనల్ బ్రేక్ నడుస్తోంది కాబట్టి తీరిగ్గా అడుగుతున్నాను. గేమ్‌వీక్ 4 (లీగ్ నాలుగో రౌండ్) డెడ్‌లైన్ 2025 సెప్టెంబర్ 13 శనివారం, మన టైం మధ్యాహ్నం 3:30. చేతిలో రెండు ఫ్రీ ట్రాన్స్‌ఫర్లు (పాయింట్లు పోకుండా ఆటగాణ్ని మార్చే అవకాశాలు), బ్యాంకులో 0.3 మిలియన్ ఉన్నాయి. హాలాండ్ ఉన్నాడు, సలా లేడు.

మార్చాలనుకుంటున్నవాళ్లు ఆరుగురు. పామర్ వెస్ట్‌హామ్ మ్యాచ్ వార్మప్‌లో గాయపడి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. ఇసాక్ లివర్‌పూల్‌కి మారాడు, అసలు ప్రీ సీజనే ఆడలేదు. డిఫెండర్లు ఇద్దరికి చోటు పోయింది. 5.5 మిలియన్ల మిడ్‌ఫీల్డర్ ఒకడు గేమ్‌వీక్ 1 తర్వాత సబ్‌గానే వస్తున్నాడు. బెంచ్‌లో 4.5 మిడ్‌ఫీల్డర్ అసలు మైదానంలోకే దిగడం లేదు. ఆరు మార్పులంటే నాలుగు హిట్లు (ఒక్కో అదనపు మార్పుకు నాలుగు పాయింట్ల కోత), అంటే మైనస్ 16. అదేదో వైల్డ్‌కార్డ్ (ఆ వారం ఎన్ని మార్పులైనా ఉచితంగా చేయనిచ్చే చిప్) కొట్టేస్తే సరిపోదా?

ఓరుగల్లు_నెం10

తమ్మీ, ముందుగాల ఆ ఆరుగురిని ఒక్క గాటన కట్టకు. ఎవరి వల్ల ఈ వారం పాయింట్లు పోతున్నయో, ఎవరు ఉన్నా లేకున్నా ఒక్కటేనో వేరు చెయ్యాలె. 4.5 మిడ్‌ఫీల్డర్ ఆడకుంటే నీకొచ్చే నష్టం దాదాపు సున్నా, వాణ్ని లిస్ట్‌లకెల్లి తీసెయ్. పామర్, ఇసాక్ మీద 20 మిలియన్ల పైన ఇరుక్కుపోయింది, అసలు రోగం అది. డిఫెండర్లు ఇద్దరు కూసున్నా ముగ్గురు ఆడుతున్నరంటే ఫార్మేషన్ నిలవడ్తది.

నేను పెట్టుకునే లెక్క ఇది. వచ్చే మూడు వారాలల్ల ఫ్రీగ దొరికే ట్రాన్స్‌ఫర్లెన్ని? నీకు ఇప్పుడు రెండు, గేమ్‌వీక్ 5ల ఒకటి, 6ల ఒకటి, మొత్తం నాలుగు. నిజంగ పాయింట్లు తినే సమస్యలు ఐదు. ఐదుల నాలుగు ఫ్రీగనే తీరుతుంటే వైల్డ్‌కార్డ్‌తోని నువ్వు దక్కించుకునేది 16 పాయింట్లు కాదు, ఒక మార్పు, మిగిలినయి ఒకట్రెండు వారాలు ముందుగాల రావడం, అంతే. మైనస్ 16 అన్నది అన్నీ ఈ శనివారమే చెయ్యాలంటే వచ్చే లెక్క.

ఒక్కసారికి రెండు ట్రాన్స్‌ఫర్ల కంటే ఎక్కువ దాచుకోనియ్యని రోజులల్ల వైల్డ్‌కార్డ్ అంబులెన్స్ లెక్క పనికొచ్చేది. 2024-25 నుంచి ఐదు దాకా దాచుకోవచ్చు. గందుకే ఇప్పుడు దాన్ని మరమ్మతుకు కాదు, ఫిక్స్చర్లు (రాబోయే మ్యాచ్‌ల వరస) తిరిగే వారానికి వాడాలె.

విశాఖ_వింగర్

నేను గేమ్‌వీక్ 4 వైపే. అన్న చెప్పిన లెక్కలో తప్పు లేదుగానీ రెండు విషయాలు అందులో లేవు.

ఒకటి, సమాచారం. ట్రాన్స్‌ఫర్ విండో సెప్టెంబర్ 1న మూసేశారు. ఇసాక్ లివర్‌పూల్‌కి, విస్సా న్యూకాసిల్‌కి చేరడం కూడా ఆ చివరి రోజుల్లోనే. జనవరి దాకా ఇక ఎవరి స్క్వాడ్‌లోనూ కొత్త ముఖాలు చేరవు. ఆగస్టులో జట్టు కట్టినప్పుడు లేని స్పష్టత ఇప్పుడుంది: పెనాల్టీలు ఎవరివి, కార్నర్లు ఎవరివి, ఎవరు తొంభై నిమిషాలు ఆడుతున్నారు.

రెండోది, ధరలు. సీజన్ మొదటి నెలలోనే ధరలు ఎక్కువగా కదులుతాయి, ఎందుకంటే అందరూ ఒకే నలుగురైదుగురి వెంట పడతారు. రెండు వారాల బ్రేక్‌లో ముందే కొని పెట్టుకుంటే పెరిగిన ఆటగాళ్లు చేతిలో ఉంటారు. సీజన్ చివర్లో 1 మిలియన్ తేడా ఉంటే 5.5 మిడ్‌ఫీల్డర్ స్థానంలో 6.5 వాడు వస్తాడు.

తెనాలి_టాక్టిక్స్

ధరల విషయంలో కొంచెం జాగ్రత్తగా మాట్లాడుకుందాం, చాలామంది ఇక్కడే పొరబడతారు. పెరిగిన దాంట్లో సగమే మనది, అదీ 0.1కి కిందికి రౌండ్ చేసి ఇస్తారు. 7.0కి కొన్నవాడు 7.1 అయితే అమ్ముడు ధర ఇంకా 7.0. 7.2 అయితే 7.1. 7.3 అయినా 7.1. అంటే 0.1 లాభం చేతికి రావాలంటే వాడు రెండుసార్లు పెరగాలి. తగ్గితే మాత్రం నష్టమంతా మనదే.

ఇంకో దెబ్బ ఉంది. 7.0కి కొన్నవాడు 7.4కి చేరాడు, నీ అమ్ముడు ధర 7.2. వైల్డ్‌కార్డ్‌లో వాణ్ని వదిలేసి రెండు వారాల తర్వాత మళ్లీ కావాలంటే 7.4 పెట్టాలి, అంటే 0.2 ఎగిరిపోయినట్టే. పదిమందిని మార్చేవాళ్లు ఈ లీకేజీ చూసుకోరు. వైల్డ్‌కార్డ్ తర్వాత ఎలాగూ తిరిగి తెచ్చుకునేవాణ్ని అసలు వదలకూడదు.

విశాఖ_వింగర్ గారూ, బ్రేక్‌లో ముందే కొనడం వల్ల మహా అయితే 0.2, 0.3 వస్తుంది. దానికి బదులుగా దేశానికి ఆడొచ్చి గాయపడే రిస్క్ మొత్తం నెత్తిన పడుతుంది. వైల్డ్‌కార్డ్ వారంలో డెడ్‌లైన్ దాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు నిజమే, కానీ ఆ చిప్ ఒకసారి కన్ఫర్మ్ చేస్తే వెనక్కి తీసుకోలేం. బ్రేక్ మొదటి రోజే నొక్కితే "ఈ వారం వద్దు, తర్వాత వాడదాం" అనే దారి మూసుకుపోతుంది. బెంచ్ బూస్ట్ (బెంచ్ వాళ్ల పాయింట్లూ కలిపే చిప్), ట్రిపుల్ కెప్టెన్ (కెప్టెన్ పాయింట్లు మూడింతలు చేసే చిప్) డెడ్‌లైన్ లోపు రద్దు చేసుకోవచ్చు, ఇది అలా కాదు.

డల్లాస్_డిఫ్‌కాన్

మూడు మ్యాచ్‌ల డేటా దేనికి సరిపోతుంది, దేనికి సరిపోదు అన్నది చూద్దాం. నిమిషాలు, పొజిషన్, సెట్ పీసులు ఎవరు తీస్తున్నారు అనేవాటికి మూడు మ్యాచ్‌లు చాలు. గోల్స్‌కి అస్సలు చాలవు. మూడు షాట్లలో మూడు గోల్స్ కొట్టినవాడి వెంట వైల్డ్‌కార్డ్‌తో పరిగెత్తడం సెప్టెంబర్‌లో ఏటా జరిగే పొరపాటు.

ఈ సీజన్ కొత్తగా వచ్చిన డిఫెన్సివ్ కాంట్రిబ్యూషన్ (డిఫ్‌కాన్) పాయింట్లకు మాత్రం చిన్న శాంపిల్ కూడా కొంత నమ్మకంగానే ఉంటుంది, ఎందుకంటే అది అదృష్టం కన్నా పొజిషన్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. డిఫెండర్‌కి క్లియరెన్సులు, బ్లాకులు, ఇంటర్‌సెప్షన్లు, ట్యాకిళ్లు కలిపి 10కి చేరితే 2 పాయింట్లు. మిడ్‌ఫీల్డర్లకి, ఫార్వర్డ్‌లకి బాల్ రికవరీలు కూడా కలుపుతారు, కానీ గీత 12 దగ్గర ఉంటుంది. ఎప్పుడూ తమ గోల్ దగ్గరే ఉండి కాపాడుకునే జట్టులోని సెంటర్‌బ్యాక్ మూడు మ్యాచ్‌ల్లోనూ 9, 11, 12 చేస్తుంటే వాడు ముందు ముందూ ఆ దరిదాపుల్లోనే ఉంటాడు. బంతి ఎక్కువగా తమ దగ్గరే ఉంచుకునే జట్టు ఫుల్‌బ్యాక్‌కి అది రాదు.

ఆగడానికి నా కారణం వేరే: యూరప్. ఈ ఏడు ఛాంపియన్స్ లీగ్‌లోనే ఆరు ఇంగ్లీష్ క్లబ్బులున్నాయి: లివర్‌పూల్, ఆర్సెనల్, సిటీ, చెల్సీ, న్యూకాసిల్, స్పర్స్. విల్లా, ఫారెస్ట్ యూరోపా లీగ్‌లో, ప్యాలెస్ కాన్ఫరెన్స్ లీగ్‌లో. ఛాంపియన్స్ లీగ్ సెప్టెంబర్ 16న మొదలవుతుంది. గేమ్‌వీక్ 4లో వైల్డ్‌కార్డ్ వాడితే ఏ కోచ్ ఎవర్ని తిప్పుతాడో ఒక్క సాక్ష్యం కూడా లేకుండా 15 మందిని కొంటున్నట్టే. 5, 6 వారాలు చూస్తే మంగళ బుధవారాల్లో తొంభై నిమిషాలు ఆడినవాణ్ని శనివారం కూర్చోబెడుతున్నారా లేదా తెలిసిపోతుంది.

విశాఖ_వింగర్

రొటేషన్ పాయింట్ ఒప్పుకుంటాను. కానీ కాకినాడ_కీపర్ గారి జట్టులో ఇద్దరు డిఫెండర్లు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు ఆడటం లేదు. రెండు ఫ్రీ ట్రాన్స్‌ఫర్లు వాడినా పదకొండు మంది నిండుతారా? చూడండి: గోల్‌కీపర్ ఒకడు, డిఫెండర్లు ముగ్గురు, మిడ్‌ఫీల్డర్లు ముగ్గురు, ఫార్వర్డ్‌లు ముగ్గురు. పది మందే.

తెనాలి_టాక్టిక్స్

మంచి పాయింట్. మరి ఆ పదకొండోవాడి కోసం ఒక హిట్ తీసుకోవచ్చా అన్నది చూద్దాం. ఆడే ఆటగాడికి 60 నిమిషాలు ఆడితే 2 పాయింట్లు, పైన క్లీన్ షీటో (జట్టు గోల్ ఇవ్వకపోవడం) డిఫ్‌కానో కొంచెం కలిపితే సగటున మూడు అనుకుందాం. "మూడు వారాలు ఆడతాడు, తొమ్మిది పాయింట్లు, నాలుగు పెట్టి తొమ్మిది కొన్నాను" అని లెక్కేస్తారు. అది తప్పు. ఆ మార్పు ఎలాగూ గేమ్‌వీక్ 5లో ఫ్రీగా చేసుకోవచ్చు. కాబట్టి హిట్ కొనిపెట్టేది ఒక్క వారమే. ఆ ఒక్క వారంలో మూడు వస్తాయి, అదే చోట సబ్‌గా దిగే 5.5 మిడ్‌ఫీల్డర్ ఒకటి తెస్తాడు. అంటే రెండు పాయింట్ల కోసం నాలుగు ఇస్తున్నావు. అలా గేమ్‌వీక్ 5లో మిగిలే ఫ్రీ ట్రాన్స్‌ఫర్‌తో ఇంకొకణ్ని తెచ్చినా వాడు కూర్చునేది బెంచ్‌లో.

హిట్ తీసుకునేటప్పుడల్లా ఈ ప్రశ్న వేసుకోవాలి: ఈ మార్పు వచ్చే వారం ఫ్రీగా చేసే వీలుందా? ఉంటే నాలుగు పాయింట్లు ఒక్క వారంలోనే తిరిగి రావాలి. కెప్టెన్‌గా పెట్టుకునే ఆటగాడి కోసమైతే వస్తాయేమోగానీ అయిదో డిఫెండర్ కోసం రావు.

ఓరుగల్లు_నెం10

ఇగ అసలు ముచ్చట, ఫిక్స్చర్లు (ఇంట్ల అంటే సొంత మైదానంల, బయట అంటే ఎదుటోళ్ల మైదానంల). సిటీకి గేమ్‌వీక్ 4 యునైటెడ్ ఇంట్ల, 5 ఆర్సెనల్ బయట, 6 బర్న్‌లీ ఇంట్ల, 7 బ్రెంట్‌ఫర్డ్ బయట, 8 ఎవర్టన్ ఇంట్ల. ఆర్సెనల్‌కు 4ల ఫారెస్ట్ ఇంట్ల, 5ల సిటీ, 6ల న్యూకాసిల్ బయట. ఆ తర్వాత చూడు: వెస్ట్‌హామ్ ఇంట్ల, ఫుల్‌హామ్ బయట, ప్యాలెస్ ఇంట్ల, బర్న్‌లీ బయట. లివర్‌పూల్‌ది ఉల్టా: 4ల బర్న్‌లీ, 5ల ఎవర్టన్ ఇంట్ల, 6ల ప్యాలెస్ బయట, 7ల చెల్సీ బయట, 8ల యునైటెడ్.

అంటే రెండు పెద్ద క్లబ్బుల దారి గేమ్‌వీక్ 6, 7ల సాఫవుతది, లివర్‌పూల్‌ది గప్పుడే కష్టమైతది. ఆర్సెనల్ డిఫెన్స్‌ల ఇద్దరు, ఎటాక్‌ల ఒకడు, మొత్తం ముగ్గురు కావాలంటే 7 ముందర వైల్డ్‌కార్డ్. గేమ్‌వీక్ 4ల కొడితే ఆర్సెనల్ ముగ్గురిని పట్టుకొని సిటీ, న్యూకాసిల్ మ్యాచ్‌లు దాటాలె. లేకుంటే కొనకుండ ఉండి, 7ల మళ్ల మూడు ట్రాన్స్‌ఫర్లు తగలెయ్యాలె.

కాకినాడ_కీపర్

అయితే గేమ్‌వీక్ 6లో వాడమంటారా? సిటీకి బర్న్‌లీతో ఇంట్లో మ్యాచ్ కూడా అదే వారం కదా.

తెనాలి_టాక్టిక్స్

అదే వారం వద్దు, సరిగ్గా ఆ కారణానికే. ఒక గేమ్‌వీక్‌లో ఒక చిప్ మాత్రమే వాడనిస్తారు. హాలాండ్ మీద ట్రిపుల్ కెప్టెన్‌కి మొదటి సగంలో ఇప్పటికి కనిపిస్తున్న మంచి వారం గేమ్‌వీక్ 6: ప్రమోట్ అయి వచ్చిన జట్టు, సిటీ సొంత మైదానం ఎతిహాద్‌లో. అక్కడ వైల్డ్‌కార్డ్ పెడితే ట్రిపుల్ కెప్టెన్ పోతుంది. హాలాండ్ ఎలాగూ నీ జట్టులో ఉన్నాడు, వాడికోసం వైల్డ్‌కార్డ్ అక్కర్లేదు. 6లో ట్రిపుల్ కెప్టెన్, 7లో వైల్డ్‌కార్డ్ పెట్టుకో.

ఈ సీజన్ చిప్స్ రెండు సెట్లని గుర్తుంచుకో: వైల్డ్‌కార్డ్, ఫ్రీ హిట్ (ఒక్క వారానికే జట్టంతా మార్చుకునే చిప్), బెంచ్ బూస్ట్, ట్రిపుల్ కెప్టెన్ సగానికి ఒక్కొక్కటి. మొదటి సెట్ గడువు గేమ్‌వీక్ 19 డెడ్‌లైన్, డిసెంబర్ 30. ఆలోపు వాడనివి రెండో సగానికి రావు. నాలుగు చిప్స్‌కి నాలుగు వేరువేరు వారాలు కావాలి, కాబట్టి వైల్డ్‌కార్డ్ ఎప్పుడన్నది ఒంటరిగా తేల్చే ప్రశ్న కాదు. బెంచ్ బూస్ట్ వైల్డ్‌కార్డ్ మరుసటి వారంలో పెట్టుకుంటేనే నాలుగు బెంచ్ చోట్లూ పనికొస్తాయి. మామూలు బెంచ్ 4.0 కీపర్, 4.0 డిఫెండర్, ఇద్దరు 4.5లు కలిపి 17 మిలియన్లు. బెంచ్ బూస్ట్‌కి పనికొచ్చే బెంచ్‌కి కనీసం 19 పెట్టాలి. ఆ రెండు మిలియన్లు మొదటి పదకొండు మందిలోంచే తీయాలి, ఆ తర్వాతి వారాల్లో కూడా అవి బెంచ్ మీదే ఇరుక్కుపోతాయి. ఈ ఖర్చు లెక్కలోకి తీసుకోకుండా "వైల్డ్‌కార్డ్, వెంటనే బెంచ్ బూస్ట్" అనడం సరికాదు.

లీడ్స్_లలిత

డిసెంబర్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఆఫ్రికా కప్ డిసెంబర్ 21న మొరాకోలో మొదలవుతుంది, సలా, ఎంబ్యూమో లాంటివాళ్లు వెళ్లే అవకాశముంది. అందుకని గేమ్‌వీక్ 16కి ఎవరి దగ్గర ఎన్ని ఉన్నా ఫ్రీ ట్రాన్స్‌ఫర్లను ఐదుకి నింపుతామని నిర్వాహకులు సీజన్ ముందే ప్రకటించారు. ఆ ఐదూ ఉచితంగా వస్తున్నప్పుడు మొదటి వైల్డ్‌కార్డ్‌ని డిసెంబర్ దాకా దాచడంలో అర్థం చాలా తగ్గిపోతుంది. పైగా గేమ్‌వీక్ 15 నాటికి మీ దగ్గర నాలుగు పోగై ఉంటే ఆ కానుకలో మీకు దక్కేది దాదాపు ఏమీ ఉండదు. 13, 14, 15 వారాల్లో ట్రాన్స్‌ఫర్లు దాచకుండా వాడేసి ఖాళీ చేతులతో 16కి రావాలి. నవంబర్ 29 నుంచి డిసెంబర్ 6 లోపే ఆ మూడు గేమ్‌వీక్‌ల డెడ్‌లైన్లూ వచ్చి పడతాయి, గాయాలు కూడా అప్పుడే ఎక్కువ, కాబట్టి వాడటానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు.

అందుకని నా దృష్టిలో మొదటి వైల్డ్‌కార్డ్‌కి సరైన కిటికీ గేమ్‌వీక్ 6 నుంచి 12 దాకా. ఈ జట్టుకు 7 బాగుంది.

కాకినాడ_కీపర్

థ్యాంక్స్ లలిత గారూ. 7లో వాడితే 8కి ఫ్రీ ట్రాన్స్‌ఫర్లు ఎన్ని ఉంటాయి? వైల్డ్‌కార్డ్ వాడితే దాచుకున్నవి పోతాయని ఒకరు అన్నారు.

తెనాలి_టాక్టిక్స్

అది పాత రూల్. 2024-25 నుంచి వైల్డ్‌కార్డ్, ఫ్రీ హిట్ వాడినా దాచుకున్నవి అలాగే ఉంటాయి. కానీ ఆ వారానికి కొత్తది కలవదు. 7లోకి రెండుతో వెళ్తే 8లోనూ రెండే. కాబట్టి 6లో అవసరం లేకపోతే ట్రాన్స్‌ఫర్ దాచుకో, 7లో జట్టంతా మారిపోయాక 8లో రెండు చేతిలో ఉంటాయి. వైల్డ్‌కార్డ్ ముందు వారం ఫ్రీ ట్రాన్స్‌ఫర్‌ని బెంచ్ ఆటగాడి మీద పెట్టడం శుద్ధ దండగ, ఎందుకంటే వారం తర్వాత వాణ్ని ఉచితంగానే మార్చేస్తావు.

ఆ వారం ముందే ట్రాన్స్‌ఫర్లు చేసి, తర్వాత వైల్డ్‌కార్డ్ వాడితే చేసినవి కూడా ఉచితంలోకే వస్తాయి. ఒక క్లబ్ నుంచి ముగ్గురే అనే నియమం మాత్రం మారదు. ఇసాక్ క్లబ్ మారడంతో సలా, విర్ట్జ్, ఎకిటికేలు ముందే ఉన్నవాళ్ల దగ్గర నలుగురు లివర్‌పూల్ ఆటగాళ్లయ్యారు. కదపకుండా ఉన్నంతసేపు ఫరవాలేదు, ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడు మాత్రం ముగ్గురికి దించాలి.

డల్లాస్_డిఫ్‌కాన్

గేమ్‌వీక్ 7 డెడ్‌లైన్ గురించి ఒక హెచ్చరిక. అది అక్టోబర్ 3 శుక్రవారం, బోర్న్‌మత్-ఫుల్‌హామ్ మ్యాచ్‌కి గంటన్నర ముందు. ఇండియాలో రాత్రి 11, మా డల్లాస్‌లో మధ్యాహ్నం 12:30. శనివారం అలవాటులో ఉండి మర్చిపోయేవాళ్లు చాలామంది. ఆ వారం మంగళ, బుధ, గురువారాల్లో యూరప్ మ్యాచ్‌లు. ఆదివారం ఆడే జట్ల కోచ్‌లు ప్రెస్ మీట్ పెట్టే సరికి డెడ్‌లైన్ అయిపోవచ్చు. కాబట్టి శుక్రవారం డెడ్‌లైన్ ఉన్న వైల్డ్‌కార్డ్‌లో గాయం అనుమానం ఉన్నవాణ్ని తీసుకోవద్దు. ఆ చోట వేరేవాణ్ని పెట్టుకుని, 8లో దాచుకున్న ట్రాన్స్‌ఫర్‌తో తెచ్చుకోవాలి.

అక్టోబర్ చివరి ఆదివారం బ్రిటన్‌లో గడియారాలు వెనక్కి తిప్పుతారు. అప్పటినుంచి శనివారం డెడ్‌లైన్ ఇండియాలో 3:30 కాదు, 4:30.

విశాఖ_వింగర్

7లో వైల్డ్‌కార్డ్ అయితే వెంటనే రెండు వారాల బ్రేక్ వస్తుంది. కొత్తగా కొన్నవాళ్లు ఒక్క మ్యాచ్ ఆడి దేశాలకు వెళ్తారు. 8లో వాడితే ఆ గాయాలన్నీ తెలిశాక కొనొచ్చు కదా?

ఓరుగల్లు_నెం10

8ల వాడొచ్చు, తప్పేం లేదు. కాని ఆర్సెనల్-వెస్ట్‌హామ్ ఇంటి మ్యాచ్ పోతది, లివర్‌పూల్ వాళ్లు ఉంటే చెల్సీల ఆడాలె. 7కల్ల కాకినాడ_కీపర్ జట్టు నిండుగ ఉండి, ఆర్సెనల్ వాళ్లు ఇద్దరు ముందే ఉంటే 8 దాకా ఆగొచ్చు. ఒక్కడు కూడ లేకుంటే 7.

కాకినాడ_కీపర్

ఇంకో సందేహం. రెండో వైల్డ్‌కార్డ్ కూడా ఇలాగే ఫిక్స్చర్లు చూసి పెట్టుకోవాలా?

లీడ్స్_లలిత

దానికి చూడాల్సింది కప్‌ల క్యాలెండర్. ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్‌కి వెళ్లిన జట్ల లీగ్ మ్యాచ్‌లు వేరే తేదీకి మారి, ఒక వారం ఖాళీ, ఇంకో వారం డబుల్ అవుతాయి. 2024-25 చూడండి. క్వార్టర్ ఫైనళ్లు మార్చి 29, 30న ముగిశాయి: ప్యాలెస్, విల్లా, సిటీ, ఫారెస్ట్ సెమీస్‌కి వెళ్లాయి. గేమ్‌వీక్ 30 మొదలైంది ఏప్రిల్ 1న. అంటే 30 డెడ్‌లైన్‌కే ఎవరి మ్యాచ్‌ల తేదీలు మారతాయో ఊహించే వీలుంది. చివరికి ఆర్సెనల్, ప్యాలెస్, సిటీ, విల్లాలకు 34లో మ్యాచ్ లేదు, 33లో రెండేసి ఉన్నాయి. ఫారెస్ట్ మ్యాచ్ మాత్రం మే 1కి మారి అదే గేమ్‌వీక్‌లో ఉండిపోయింది. 30 లేదా 31లో వైల్డ్‌కార్డ్, 33లో బెంచ్ బూస్ట్, 34లో ఫ్రీ హిట్: ఈ వరస కుదిరింది అందుకే.

అందులో కీలకం ఏమిటంటే ఫ్రీ హిట్ 34కి దాచి ఉండటం. అది ముందే వాడేసినవాళ్లు 33 కోసం ఆ నాలుగు క్లబ్బుల నుంచి పన్నెండు మందిని కొనలేరు, కొంటే మరుసటి వారం పదకొండు మంది ఉండరు. రెండో వైల్డ్‌కార్డ్‌ని జనవరి, ఫిబ్రవరిలో కాల్చేయకండి. కప్ సెమీస్ తేలాకే దాని తేదీ పెట్టుకోవాలి.

కాకినాడ_కీపర్

సరే, నా ప్లాన్ రాస్తున్నాను, ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి.

గేమ్‌వీక్ 4: పామర్ బదులు సెమెన్యో, ఇసాక్ బదులు జోవావ్ పెడ్రో. ఆరు మిలియన్ల దాకా మిగులుతుంది. 5: ఒక డిఫెండర్ మార్పు. 6: హాలాండ్ ట్రిపుల్ కెప్టెన్, ట్రాన్స్‌ఫర్ దాచడం. 7: వైల్డ్‌కార్డ్. 4.0 కీపర్‌గా బర్న్‌లీ దుబ్రావ్కా ఉన్నాడు, ప్రతి మ్యాచ్ ఆడుతున్నాడు. వైల్డ్‌కార్డ్‌లో ఉంచనా?

తెనాలి_టాక్టిక్స్

4, 5 బాగున్నాయి. బోర్న్‌మత్‌కి 4లో బ్రైటన్, 5లో న్యూకాసిల్ రెండూ ఇంట్లోనే, 6లో లీడ్స్, 7లో ఫుల్‌హామ్ ఇంట్లో. సెమెన్యో వైల్డ్‌కార్డ్ తర్వాత కూడా ఉండిపోయేవాడే, కాబట్టి పెరిగిన ధర కూడా చేతిలోనే ఉంటుంది. ఆ ఆరు మిలియన్లను మాత్రం 5లో డిఫెండర్ మీద ఒక్కసారి పోసేయకు. 4.5 నుంచి 5.5లో డిఫ్‌కాన్ తెచ్చే సెంటర్‌బ్యాక్ చాలు.

6లో దాచడానికి ఒక షరతు: హాలాండ్ ఆ వారం మధ్యలో గాయపడకపోతేనే. అనుమానం ఉంటే ట్రిపుల్ కెప్టెన్ ఆపేయ్, డెడ్‌లైన్ దాకా అది రద్దు చేసుకోవచ్చు.

దుబ్రావ్కాను ఉంచు. 4.0కి ఆడే కీపర్ ఉంటే బెంచ్ బూస్ట్‌లో ఒక చోటు ఉచితంగా నిండినట్టే. కానీ బెంచ్ బూస్ట్ వారం గేమ్‌వీక్ 10 అయితే బర్న్‌లీ మీదకు వచ్చేది ఆర్సెనల్. 8 లేదా 9లో పెట్టుకో.